ఊపిరి దానము: దాత రోగములు, గ్రహీత క్షేమము

(తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖల సంయుక్త వార్షిక మహాసభయందు బాపట్లలో గావించిన యుపన్యాసము)



మన వార్షిక సభలయందు విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు ప్రసంగించుట యాచారము. ఈ పర్యాయము ఆరోగ్యవిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను. తెనాలిలో ముప్పదియైదు సంవత్సరములు మందుల దుకాణము నడిపిన ఫార్మసిస్టును. వైద్యులును, విద్వాంసులును గల యీ సభలో నోరు విప్పుటకు మొదట సంకోచించితిని. కాని మా కుటుంబమున జరిగిన యొక సంగతి మీ యెదుట చెప్పక దాచుట తగదని తోచినది. 1913లో ప్రథమాంధ్ర మహాసభ ఈ బాపట్లలోనే సమావేశమైనది. మనుష్యులు నలుగురు కూడి తమ కష్టసుఖములను బహిరంగముగా చెప్పుకొనుట యీ యూరికి క్రొత్త కాదు.

మా మేనల్లుడు రేపల్లెవాడు. రైసుమిల్లులో గుమాస్తాగా నుండెను. నలుబదియవ యేట వానికి పొడిదగ్గు పట్టినది. మొదట దుమ్మువలన ననుకొంటిమి. రెండేండ్లలో రేపల్లె స్టేషనులో రైలుపెట్టె మెట్లెక్కుటకే ఆయాసపడు స్థితి వచ్చినది. శ్వాసకోశములు గట్టిపడి ముడుచుకొనిపోవు వ్యాధి యని హైదరాబాదు వైద్యులు నిర్ణయించిరి. రాత్రింబగళ్లు ఆక్సిజను గొట్టము ముక్కున నుండవలసినదే. ఊపిరితిత్తుల మార్పిడి తప్ప వేరు మార్గము లేదనిరి. వాని పేరు నిరీక్షించువారి పట్టికలో చేర్చిరి.

ఏడు నెలల కొకనాటి రాత్రి పిలుపు వచ్చినది. రక్తవర్గము సరిపోయినది, పరిమాణము సరిపోయినది. మా చెల్లెలు దేవుని పటమునకు దండ వేసి మాతో బయలుదేరినది. తెల్లవారుసరికి వైద్యుడు వచ్చి, ఆ శ్వాసకోశములు పనికిరావని చెప్పెను. దాత యెనిమిది దినములుగా వెంటిలేటరుపై నున్నవాడు. వాని కఫపరీక్షలో దాదాపు ఏ యాంటీబయాటిక్కునకును లొంగని సూక్ష్మజీవి బయటపడినది; ఎక్సురేలో నీడ రెండు ప్రక్కలకును ప్రాకినది. దాత బంధువులు కన్నీటితో నిచ్చిన దానము వ్యర్థమయ్యెను. మేము తిరిగివచ్చితిమి.

అయిదు నెలల పిమ్మట రెండవ పిలుపు వచ్చినది. ఆ దాత శ్వాసనాళమునందును సూక్ష్మజీవులు కనబడినవి. అయినను వైద్యులు స్వీకరించిరి. శస్త్రచికిత్స జరిగిన మూడవనాడు దాత కఫము యొక్క పూర్తి ఫలితము చేరినది. అదే దినమున మందు మార్చిరి. మా వానికి మార్పిడి జరిగి నేటికి మూడవ యేడు నడచుచున్నది. మొన్న సంక్రాంతికి రేపల్లెనుండి తెనాలికి ఆక్సిజను లేకుండ రైలులో వచ్చి మా యింట భోజనము చేసి వెళ్లెను.

మొదటి దాన మేల వ్యర్థమయ్యెను? రెండవ దాన మేల ఫలించెను? రెంటను సూక్ష్మజీవులున్నవి గదా! ఈ ప్రశ్నలకు నేను తెలిసికొన్న సమాధానమే నేటి నా ప్రసంగము.

శ్వాసకోశముల మార్పిడి చరిత్ర చాల పురాతనమైనది కాదు. 1963లో అమెరికాలోని మిసిసిపీయందు జేమ్స్ హార్డీ యను శస్త్రవైద్యుడు మొదటిసారి మానవునకు ఒక ఊపిరితిత్తిని మార్చెను. ఆ రోగి 18 దినములు మాత్రమే జీవించెను. పిమ్మట ఇరువది సంవత్సరములు పలువురు ప్రయత్నించిరి గాని రోగులు నిలువలేదు. 1983లో టొరంటోయందు జోయెల్ కూపర్ బృందము చేసిన మార్పిడి తరువాత రోగి ఆరు సంవత్సరములకు పైగా జీవించెను. శరీరము పరావయవమును త్రోసివేయకుండ ఆపు సైక్లోస్పోరిన్ అను మందు అప్పటికి లభించుట యీ విజయమునకు ముఖ్యసహాయ మయ్యెను. మన తెలుగుదేశమున 2016లో గుంటూరు ప్రభుత్వ సర్వజన వైద్యాలయమున డాక్టరు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే నాయకత్వమున గుండెమార్పిడి జరిగినది. 2020లో హైదరాబాదు కిమ్స్ వైద్యాలయమున డాక్టరు సందీప్ అట్టావర్ బృందము కోవిడుచే శ్వాసకోశములు చెడిన యొక రోగికి రెండు ఊపిరితిత్తులను మార్చెను. కావున ఇది సముద్రములకు ఆవల జరుగు వింత కాదు. మన గడపలోనికి వచ్చిన విద్య.

ఇక శ్వాసకోశమునకు గల ప్రత్యేకత యేమి? మూత్రపిండము, గుండె, కాలేయము శరీరమునందు మూసిన గదులవంటివి. శ్వాసకోశము వీథివాకిలివంటిది. మనము పీల్చు ప్రతి గ్రుక్క గాలితో ధూళియు, సూక్ష్మజీవులును లోనికి వచ్చుచునే యుండును. దాతలు సామాన్యముగా రోడ్డుప్రమాదమున తలకు దెబ్బ తగిలినవారు, లేక మెదడున రక్తనాళము చిట్లినవారు. స్పృహ తప్పినపుడు నోటిలోని లాలాజలము, కడుపులోని యాహారము శ్వాసనాళములోనికి జారును. గొంతున గొట్టము వేసి యంత్రముతో ఊపిరి యిచ్చునపుడు వైద్యాలయపు సూక్ష్మజీవులు ఆ గొట్టము వెంబడి దిగును. అందువలననే దాతల శ్వాసనాళమునుండి తీసిన ద్రవమును పరీక్షించిన పెక్కు వైద్యాలయములలో సుమారు సగము మందియందు ఏదో యొక సూక్ష్మజీవి కనబడినది. సూక్ష్మజీవి యున్నదని ప్రతి దానమును త్రోసివేసినచో ఈ చికిత్సయే యుండదు.

అయితే ఆ సూక్ష్మజీవి గ్రహీతకు హాని చేయదా? చేయగలదు. అవయవమును శరీరము త్రోసివేయకుండుటకై గ్రహీతకు రోగనిరోధకశక్తిని తగ్గించు మందులు జీవితాంతము ఇత్తురు. కోట గోడను మనమే కొంత పడగొట్టి, క్రొత్త యతిథిని లోనికి పిలుచుచున్నాము. ఆ యతిథి వెంట దొంగ వచ్చిన యెడల ఎదిరించువాడు లేడు. మార్పిడి జరిగిన మొదటి నెల దాటిన పిమ్మట తొలి సంవత్సరమున మరణకారణములలో అంటురోగములు ప్రధానమైనవి. కాని సూక్ష్మజీవి యేదియో తెలిసి, దానికి లొంగు మందు ఆలస్యము లేక యిచ్చినచో, దాతనుండి గ్రహీతకు వ్యాధి సంక్రమించుట అరుదు. అట్టి గ్రహీతల యాయుర్దాయము తక్కినవారి దానికి తీసిపోవుట లేదని పలు దేశముల యనుభవము.

ఇచ్చట కాలమే పెద్ద చిక్కు. శ్వాసకోశమును దాత శరీరమునుండి తీసి మంచులో నుంచిన పిమ్మట సామాన్యముగా ఆరు గంటలకు మించకుండ గ్రహీతకు అమర్పవలెనని చూతురు. సూక్ష్మజీవిని పెంచి, దాని పేరును, దానికి లొంగు మందును నిశ్చయించుటకు రెండు మూడు దినములు పట్టును. అనగా పూర్తి సమాచారము వచ్చుసరికి దాత చితి చల్లారును. ఆయన యూపిరి మరొక యూరిలో మరొకని యెదలో నడచుచుండును. ఆ ఫలితము దాత యున్న వైద్యాలయపు బల్లమీద నిలిచిపోయిన యెడల గ్రహీత ప్రాణమునకు ముప్పు. అది వెంటనే గ్రహీత వైద్యుని చేరినచో ప్రాణము నిలుచును. మా మేనల్లుని ప్రాణము నిలిచినది ఆ మూడవనాటి కబురుచేతనే.

కనుక నేను గ్రహించిన దిది: దాత శరీరమున రోగ ముండుటకంటె, ఆ రోగము తెలియకుండుట యెక్కువ ప్రమాదము. దీనికి నిదర్శనములు చెప్పెదను.

హెపటైటిస్ సి యను కాలేయవ్యాధి గల దాతల యవయవములను పూర్వము దూరముగా నుంచెడివారు. 2019లో అమెరికాలోని బోస్టను వైద్యులు ఆ వైరసు గల దాతల యవయవములను, ఆ వ్యాధి లేని 44 మందికి అమర్చిన వృత్తాంతమును ప్రకటించిరి. వారిలో 36 మందికి శ్వాసకోశములు, 8 మందికి గుండెలు. శస్త్రచికిత్స జరిగిన కొన్ని గంటలకే మందు మొదలిడి నాలుగు వారములు ఇచ్చిరి. ఆరు నెలలు పూర్తియైన మొదటి 35 మందియు సజీవులై యుండిరి. వారి రక్తమున వైరసు లేదు. తెలిసిన శత్రువు శత్రువైనను ప్రాణాపాయము కలిగింపలేదు.

మరియొకటి. మార్పిడి జరిగిన కొందరు రోగులు కొలది దినములలోనే రక్తమున అమ్మోనియా విపరీతముగా పెరిగి, స్పృహ తప్పి మరణించుచుండిరి. కాలేయము బాగుగనే యుండును. కారణము మాత్రము చిరకాలము తెలియలేదు. 2015లో యూరియాప్లాస్మా యను మిక్కిలి చిన్న బ్యాక్టీరియా దీనికి మూలమని చూపిరి. అది దాత శ్వాసకోశమునుండి రాగలదు. సామాన్యమైన పరీక్షలకు చిక్కదు. కాని తగిన యాంటీబయాటిక్కు ఇచ్చినచో లొంగును. తెలియనంత కాలము మృత్యువు. తెలిసిన పిమ్మట సాధ్యరోగము.

తెలియక జరిగిన యనర్థములను గూడ వినుడు. 2004లో అమెరికాయందు ఒకే దాతనుండి అవయవములను, రక్తనాళపు భాగమును పొందిన నలుగురు రేబీస్ వ్యాధిచే మరణించిరి. ఆ దాత తనను గబ్బిలము కరచినదని పరిచితులతో చెప్పియుండెనని తరువాత తెలిసినది. చెప్పవలసిన చోటికి ఆ మాట చేరలేదు. 2005లో జర్మనీయందు అట్టిదే మరల జరిగినది. ఆ దాత కొన్ని నెలలకు పూర్వము మన భారతదేశమునకు వచ్చి వెళ్లిన యువతి. ఆమె శ్వాసకోశములను, మూత్రపిండములను పొందిన మువ్వురు రేబీస్‌చే మరణించిరి. కాలేయమును పొందిన వాడు పూర్వ మెన్నడో ఆ టీకా వేయించుకొనియుండుటచే బ్రతికెను.

2020లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ప్రమాదమున మరణించిన యొక దాతకు ముక్కున చేసిన కోవిడు పరీక్షలో వ్యాధి లేదని వచ్చినది. ఆ శ్వాసకోశములను పొందిన రోగికి మూడవనాటికే జ్వరము వచ్చినది. పిమ్మట దాత శ్వాసకోశమునుండి తీసి నిలువయుంచిన ద్రవమును పరీక్షింపగా అందు వైరసు కనబడినది. రోగి 61వ దినమున మరణించెను. శస్త్రచికిత్సలో పాల్గొన్న యొక వైద్యునకు సయితము వ్యాధి సోకినది. తరువాత 2021లో ఆ దేశమున ఊపిరితిత్తుల దాతలకు ముక్కునుండియే గాక లోపలి శ్వాసమార్గమునుండియు పరీక్ష చేయవలెనని నియమము చేసిరి. ఒక ప్రాణము పోయిన పిమ్మట ఒక నియమము పుట్టినది.

సోదరులారా, మన డెల్టా భూముల సంగతి యోచింపుడు. ప్రపంచమున క్షయరోగుల సంఖ్యలో దాదాపు నాల్గవ వంతు మన దేశమునదే. పూర్వము క్షయ వచ్చి మానినవాడు పెండ్లిసంబంధము చెడునను భయముచే ఆ మాట దాచును. దాచిన క్షయ దాత యెదనుండి గ్రహీత యెదకు పోగలదు. చెప్పినచో వైద్యులు పరీక్షించి, అవసరమైన మందు ముందే యిత్తురు. తడినేలలో వట్టికాళ్లతో నడచువారి చర్మము గుండా దూరి, లోపల ఏండ్ల తరబడి నిశ్శబ్దముగా నుండు స్ట్రాంగిలాయిడ్స్ అను సన్నని పురుగు కలదు. దాతకు దాని జాడయే తెలియదు. రోగనిరోధకశక్తి తగ్గిన గ్రహీతయందు అది విజృంభించి ప్రాణము తీయగలదు. అనుమానము కలిగిన యెడల ఐవర్మెక్టిన్ మాత్రలతో నివారింపవచ్చును. బురదనేలలో నుండు మెలియాయిడోసిస్ సూక్ష్మజీవి పేరు 2025లో గుంటూరు సమీపమున తురకపాలెములో మరణములు జరిగినపుడు మనవారందరి నోట వినబడినది. పొలము పని, మానని కురుపు, విడువని జ్వరము, కుక్కకాటు: ఇవి మనకు చిన్న సంగతులు, అవయవమును స్వీకరించు వైద్యునకు పెద్ద సంగతులు.

ఇక నా యపరాధమును చెప్పెదను. మొదటి దానమును వ్యర్థము చేసినది మందులకు లొంగని సూక్ష్మజీవి. అది ఎచ్చట పుట్టినదో నే నెరుగను. కాని అట్టివి ఎట్లు పుట్టుచున్నవో యెరుగుదును. జలుబనిన మూడు మాత్రలు, విరేచనములనిన రెండు మాత్రలు, దగ్గనిన నాలుగు మాత్రలు: చీటీ లేకుండ యాంటీబయాటిక్కులను కత్తిరించి యిచ్చిన చేతులివి. తెలిసినవాడు, బంధువు, మన కులమువాడు అడిగినచో కాదనలేకపోతిని. 2014 మార్చి 1వ తేదీనుండి కొన్ని బలమైన యాంటీబయాటిక్కులను వైద్యుని చీటీతోనే అమ్మి, రోగి పేరును ప్రత్యేక పుస్తకమున వ్రాయవలెనని చట్టమువచ్చినది. అప్పుడును నే నా పుస్తకమును శ్రద్ధతో నింపితినని ప్రమాణము చేయలేను. సగము మోతాదుతో ఆపిన మందు సూక్ష్మజీవికి సాము నేర్పు గురువు కాగలదు. నే నమ్మిన మాత్రలు ఎచ్చటికి పోయినవో తెలియదు. కాని ఆనాటి వేకువ వైద్యాలయపు బెంచీమీద మా చెల్లెలి ముఖము చూచినపుడు నా దుకాణపు బల్ల నాకు గుర్తునకు వచ్చినది.

ఈ చికిత్సను గూర్చి లేనిపోని యాశలు కల్పింపను. ప్రపంచపు లెక్కలలో శ్వాసకోశముల మార్పిడి చేయించుకొన్నవారిలో నూటికి సుమారు 85 మంది తొలి సంవత్సరము దాటుచున్నారు. సగము మంది ఆరేడు సంవత్సరములకు మించి జీవించుచున్నారు. తక్కిన యవయవముల మార్పిడికంటె ఇది కఠినము. మందుల వ్యయము జీవితాంతము తప్పదు. అయినను ఊపిరాడక కూర్చుండియే రాత్రులు గడిపినవానికి ఆరేడేండ్లనిన నేమో, బిడ్డ పదవ తరగతినుండి ఉద్యోగమువరకు ఎదుగుట కన్నులార చూచుట యనిన నేమో మీరే యూహింపుడు.

చట్టము విషయ మొక మాట. మన దేశమున 1994లో అవయవముల మార్పిడి చట్టమువచ్చినది. మెదడు పూర్తిగ మరణించినదని వైద్యమండలి ఆరు గంటల వ్యవధితో రెండు మారులు పరీక్షించి నిశ్చయించిన పిమ్మటనే, దగ్గరి బంధువుల సమ్మతితో అవయవములను స్వీకరింతురు. ఎవరికి చేరవలెనో జీవన్‌దాన్ పట్టికనుబట్టి నిర్ణయమగును. మన దాన మెవరికి చేరినది మనకు తెలుపరు. కులసభయందు నిలిచి చెప్పుచున్నాను: ఊపిరితిత్తికి గోత్రము లేదు, ఇంటిపేరు లేదు, దానికి కావలసినవి రక్తవర్గము, కొలత మొదలగునవి. మా మేనల్లుని యెదలో నాడుచున్న యూపిరి యే కులమువారిదో మాకు తెలియదు. ప్రతి యుదయము మా చెల్లెలు వారికి నమస్కరించుచున్నది. పేరు తెలియకపోవుట ఆ నమస్కారమున కడ్డము కాలేదు.

2022లో బాపట్ల జిల్లా యేర్పడి, రేపల్లె యిందు చేరి, తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినను మన మూడు శాఖలు ఒకటిగనే యున్నవి. ఈ మూడు శాఖల పక్షమున నాలుగు కార్యములు తలపెట్టుడని సవినయముగ కోరుచున్నాను.

మొదటిది: ప్రతి కుటుంబమునకు ఒక ఆరోగ్యపుస్తక మిచ్చి, వచ్చిన వ్యాధులు, వేయించిన టీకాలు, కుక్కకాటు, క్షయచికిత్స, కామెర్లు మొదలగునవి తేదీలతో వ్రాయింపవలెను. ఆపదవేళ దుఃఖములో నున్న తల్లికి ఏమియు జ్ఞాపకము రాదు, పుస్తకము చెప్పును.

రెండవది: వైద్యాలయమున అవయవదాన మడిగినపుడు ధైర్యముగ ఆలోచింపవలెను, సమ్మతించినచో సత్యమంతయు చెప్పవలెను. వ్యాధి దాచుట గౌరవము కాదు. చెప్పిన సత్యము దానములో నొక భాగము.

మూడవది: మన సంఘమున మందుల దుకాణములు గలవారు పెక్కురు. చీటీ లేక యాంటీబయాటిక్కు అమ్మమని వారు, అడుగమని తక్కినవారు, ఈ సభలోనే మాట యిచ్చుకొనవలెను. నా దుకాణమును నడుపుచున్న నా కుమారునిచేత మొదటి సంతకము చేయించెదను.

నాల్గవది: పోషకులు దయతలచి ఒక ఆరోగ్యనిధిని స్థాపింపవలెను. కల్యాణమండపమునకు విరాళ మిచ్చిన చేతులు, శస్త్రచికిత్స జరిగినవాని నెలవారీ మందులకును, పరీక్షలకై హైదరాబాదు పోయివచ్చు ఖర్చులకును కొంత యిచ్చినచో మొదలు పెట్టిన చికిత్స నడుమ నాగదు. డబ్బు లేక మందు మానినవాని యెదలో దాత యూపిరి రెండవసారి మరణించును.

మహాశయులారా! అన్నదానము, విద్యాదానము మన పెద్దలు నేర్పిన ధర్మములు. వండిన యన్నమున రాయి యున్నదేమో చూచి వడ్డించుట అన్నదాతకు ధర్మమే. ఊపిరి దానమునకును అంతే. ఇచ్చువారు సత్యముతో నిచ్చినచో, వైద్యులు శ్రద్ధతో పరీక్షించినచో, ఫలితము చేరవలసినవారికి వేళకు చేరినచో, రోగ మున్న దాతయు ప్రాణదాత కాగలడు.

 మొదటి దానము చేసి, అది ఫలింపలేదని బహుశః నేటికిని తెలియని యా కుటుంబమునకు, రెండవ దానముచే మా యింట దీపము నిలిపిన యా కుటుంబమునకు నా నమస్సులు సమర్పించి విరమించుచున్నాను.